డాక్టరుగారి కంచం

మా ఆయన వెంకటరామారావుగారు ఎముకల డాక్టరు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ముప్పయ్యేళ్ళపాటు మోకాళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళందరికీ బరువు తగ్గమని చెప్పి, ఇంటికొచ్చి ఆవకాయా నెయ్యీ వేసుకుని గిన్నెడన్నం లాగించేవారు. రిటైరయ్యాక, కరోనా రెండో చలికాలంలో, కాలేయానికి కొవ్వు పట్టిందని ఆయనకే చెప్పారు. చుక్క ముట్టని మనిషికి లివరు జబ్బేమిటని మా ఫ్యామిలీ డాక్టరు మీద మండిపడ్డారు. ఆ డాక్టరు మాత్రలేవీ రాయలేదు. బుధవారం బుధవారం ఆన్‌లైన్‌లో కలిసే ఒక బృందంలో చేర్చారు.

అందులో మా ఆయన తప్ప అందరూ జర్మన్లే. ఏం తినాలో చెప్పే అమ్మాయి పేరు కాత్రిన్. మా మనవరాలి వయసు ఉంటుంది. అదే ఆయనకి మొదటి కంటగింపు. దానికి తోడు, మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే ఎవరి కంచం వాళ్ళు ఫోటో తీసి పంపాలి. కంచంలో సగం కూరగాయలు ఉండాలిట, అన్నం గుప్పెడే. మా ఆయన దృష్టిలో కూరగాయలు కంచానికి అలంకారం.

మా ఇంట్లో ఆయన తిన్నాకే నేను తింటాను. ఎవరూ పెట్టిన నియమం కాదు, పెళ్ళయిన కొత్తలో మొదలై అలా సాగిపోయింది. ఆయన లేచేసరికి గిన్నె అడుగున నాలుగు మెతుకులూ, ఆయన ముట్టని క్యాబేజీ కూరా మిగులుతాయి. అదే నా భోజనం. మొదటి రోజు నేను వడ్డించుకుని కూర్చోగానే ఫోన్ పట్టుకొచ్చి, కాస్త చెయ్యి తియ్యమన్నారు. ఫోటో తీసి పంపేశారు.

కాత్రిన్ మురిసిపోయింది. కంచం అంటే ఇలా ఉండాలని అందరికీ చూపించింది. అప్పటినుంచి రోజూ నా కంచమే. బృందంలో ఒక పెద్దావిడ ఆ కూర ఎలా చేస్తారని అడిగితే ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. జన్మలో క్యాబేజీ తరిగిన పాపాన పోని మనిషి, జర్మన్లకే క్యాబేజీ వండటం నేర్పారు. పక్కగదిలో బట్టలు మడతపెడుతూ విన్న నాకు నవ్వొచ్చింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

చలికాలం చివర్లో రక్తపరీక్ష చేస్తే, తగ్గాల్సిన అంకెలు పెరిగాయి. ఇంత పద్ధతిగా తినే మనిషికి పెరిగాయంటే ఇంకేదో జబ్బు ఉండి ఉంటుందని డాక్టరుకి అనుమానం వచ్చింది. కాలేయంలోకి సూది దించి, చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్నారు. పంటి నొప్పికి కూడా టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకని ఆ రోజుల్లో దీనికి మాత్రం వారంలో దొరికింది.

ఆయన గుండె కోసం రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. అది ఆపి ఆ సూది పొడిపించుకోవాలి. ఆపినా రక్తం కారడం ఆగకపోతే? నిజం చెప్పెయ్యమని బతిమాలాను.

"ఈ వయసులో ఆ పిల్ల ముందు నన్ను అబద్ధాలకోరుని చేస్తావా? దానికన్నా సూదే నయం. నువ్వు మాత్రం నోరు మెదపకు, శారదా," అన్నారు.

ఆ బుధవారం సూది సంగతి బృందానికి యుద్ధానికి బయల్దేరుతున్నట్టు చెప్పుకున్నారు. అందరూ ధైర్యం చెప్పారు. ఆ పెద్దావిడైతే కళ్ళు తుడుచుకుంది. ఈయన దర్జాగా తల పంకిస్తుంటే నాకు ఒళ్ళు మండింది. పరువు కోసం ప్రాణం మీదకి తెచ్చుకునేలా ఉన్నారు. చేతిలో ఉన్న తువ్వాలు పక్కన పడేసి, కుర్చీ లాక్కుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఆ కంచం నాది," అని జర్మన్‌లో చెప్పాను. "ఈయన తిన్నాక మిగిలింది నేను తింటాను. ఈయన తినేది మీరు ఒక్కరోజు కూడా చూడలేదు."

మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. కాత్రిన్ సూది ఆపించమని డాక్టరుకి వెంటనే ఫోన్ చేస్తానంది. నా ప్రాణం కుదుటపడింది. లేవబోతుంటే ఆ అమ్మాయి నన్ను కూర్చోమని, ఆ కాస్త అన్నం మీకు సరిపోతుందా అని అడిగింది.

ఆ ప్రశ్నకి మా ఆయన తేరుకున్నారు. అలవాటు ప్రకారం నా తరఫున ఆయనే జవాబు చెప్పారు.

"సరిపోతుంది. ఆవిడ ఎప్పుడూ అంతే తింటుంది."

"సరిపోదు," అన్నాను నేను.