మొదటి దీపం

గనిలో పోయిన ఫింటన్ శవాన్ని అతని గుమ్మంలో దించేసి, అదే బండిని మళ్ళీ గనికి తోలేశారు. అతని భార్య బ్రిజిడ్ తలుపు తీసేసరికి బండి మలుపు తిరిగిపోయింది. ఆ మధ్యాహ్నం మేం మూడు వందల మందిమి ఏమీ జరగనట్టే బొగ్గు తవ్వాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పని ఆపింది ఒక్కడే. వేల్స్ నుంచి పెన్సిల్వేనియాకి వచ్చి పట్టుమని పది రోజులు కూడా కాని యాంటో ప్రోబర్ట్. ఫింటన్ అతని కిందే బొగ్గు ఎత్తేవాడు. యాంటో తన టోపీ దీపం ఆర్పి, గని వాకిట్లో నేల మీద పెట్టి ఇంటిదారి పట్టాడు.

"ఎక్కడికిరా?" మేస్త్రీ బెవన్ అరిచాడు. వాడూ మాలాగే వేల్స్ నుంచి వచ్చిన వెల్ష్‌వాడే. మా భాషలోనే తిడతాడు.

"మనిషి పోయాడు కదయ్యా! పూడ్చేదాకా గనిలోకి దిగకూడదుగా."

"అది మన ఊళ్ళోరా, పిచ్చి సన్నాసీ! ఇక్కడ చావులకి సెలవుల్లేవు. అయినా పోయింది ఐరిష్‌వాడు. మనోడా ఏంటి?"

యాంటో నిజంగానే అర్థంకాక చూశాడు. "నా పక్కనే పనిచేశాడు. మనోడు కాకపోతే ఎవరోడు?"

పన్నెండేళ్ళ కిందట వేల్స్‌లో నేనూ అలా దీపం దించినవాణ్ణే. ఇక్కడికొచ్చి మరిచిపోయాను. కాదు, భయపడ్డాను.

తెల్లారగానే కంపెనీ పోలీసులు యాంటోకి బేడీలు వేసి తీసుకుపోయారు. ఇల్లు కంపెనీది కదా, సామానంతా మంచులోకి విసిరేశారు. ఓడలో గడ్డి చుట్టి తెచ్చుకున్న పింగాణీ జగ్గులు ఒక్కటీ మిగల్లేదు. అతని భార్య గ్వెన్లియన్ చంటిదాన్ని ఎత్తుకుని నన్ను నిలదీసింది.

"ఎమ్రిస్ అన్నయ్యా, మా ఆయన చేసిన తప్పేంటో చెప్పు!"

ఎదురింటి నుంచి బ్రిజిడ్ వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. చెయ్యి పట్టుకుని, శవమున్న ఇంట్లోకే గ్వెన్లియన్‌ని తీసుకుపోయింది.

పనికి రమ్మని కూత కూసింది. గని వాకిట్లో యాంటో దీపం అక్కడే ఉంది. దాని పక్కన నాది పెట్టాను.

"ఐరిష్‌వాళ్ళ కోసం మన పిల్లలు మాడాలా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"రేపు నిన్నూ గుమ్మంలో పడేసి పోతార్రా!" అన్నాను.

ఒక్కొక్కరే వంగి దీపాలు నేల మీద పెట్టారు. వెల్ష్‌వాళ్ళూ, ఐరిష్‌వాళ్ళూ.

రెండు రోజుల్లో నలభై ఇళ్ళు ఖాళీ చేయించారు. పిల్లలకి రొట్టె లేదు. మూడోనాడు ఫింటన్‌ని పూడ్చి వచ్చాం.

"అయింది కదా మీ ఆచారం!" అన్నాడు బెవన్. "ఎత్తండి దీపాలు!"

"ఆ మొదటిది ఎవరిదో వాణ్ణి జైలు నుంచి తీసుకురా. వాడెత్తాక మేమెత్తుతాం" అన్నాను.

కూత మళ్ళీ కూసింది. ఎవరూ వంగలేదు.