నీడ పక్కన మూట

తెల్లారగానే లస్మి మిరపకాయలు నూరేది. మొగుడు జుమాది పెరట్లో జెల్ల చేపలు కోసి కడిగి, లామొంగాన్ బస్టాండు దగ్గర వేయించి అమ్ముకొచ్చేవాడు.

ఆ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళకి ఎండలో రెండు నీడలు పడతాయి, తమదొకటి, లోపలి బిడ్డదొకటి. ఎవరి బిడ్డ వేలు చీకుతోందో, ఎవరిది అడ్డం తిరిగిందో అమ్మలక్కలు వడ్లు ఎండబోసుకుంటూ తీరిగ్గా చెప్పుకునేవారు.

ఆరో నెలలో ఒకనాడు బట్టలారేస్తూ లస్మి తన బిడ్డ నీడ చూసుకుంది. పొట్ట బయట చిన్న మూటలాంటిది వేలాడుతోంది. అత్త పైనెమ్ కూడా చూసింది. పెళ్ళాం కడుపుతో ఉండగా మగవాడు ప్రాణిని కోస్తే, ఆమె పొట్ట తడిమి బిడ్డకి క్షమాపణ చెప్పుకోవాలని అక్కడి ఆచారం. రోజూ బుట్టెడు పేగులు తీసి పారేసే జుమాదికి ఆ ధ్యాసే లేదు.

అత్త కొడుకుని పల్లెత్తు మాట అనలేదు. కోడలికి గొడుగు తెచ్చిచ్చి, నలుగురి కంటా పడొద్దంది, నెలనెలా చూపించుకునే నర్సమ్మ దగ్గరికి కూడా పోవద్దంది. లస్మి పోలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకోవాలన్నా భయమే.

రెండు నెలలు చూసి నర్సమ్మ ఎర్నా తనే ఇంటికొచ్చింది. గొడుగు మూయించి, నేల మీద మోకాళ్ళూని నీడని చాలాసేపు చూసింది. వెంటబెట్టుకెళ్ళి స్కానింగు తీయిస్తే అందులోనూ అదే కనబడింది.

"చేపల పాపం కాదమ్మా. పొట్ట గోడ మూసుకోక పేగులు బయట ఉండిపోయాయి. సురబయ పెద్దాసుపత్రిలో పుడితే వెంటనే లోపల సర్ది కుడతారు. ఇక్కడ పుడితే నా చేతిలో ఏమీ లేదు."

"బతుకుతుందా?"

"అక్కడైతే చాలామంది బతుకుతున్నారు. నొప్పుల దాకా ఆగకు, రేపే వెళ్ళు. నేను ఫోన్ చేసి చెప్తాను."

మర్నాడు అత్త మళ్ళీ గొడుగు అందించింది. బస్సులో అందరూ చూస్తారని ఆమె బాధ. లస్మి తీసుకోలేదు. జుమాది చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

సగం దారిలో నొప్పులు మొదలయ్యాయి. కిటికీ ఎండకి బిడ్డ నీడ మూటతో సహా బస్సు నేల మీద పడింది. లస్మి గట్టిగా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి నిలబడ్డవాళ్ళు నీడని తొక్కకుండా ఒక్కొక్కరే కాళ్ళు పక్కకి తీసుకుంటున్నారు. డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూశాడు. తమ ఊళ్ళు దాటిపోతున్నా ఎవరూ దిగుతామనలేదు. బస్సు ఇంకెక్కడా ఆగకుండా సురబయ ఆసుపత్రి గేటులోకి వెళ్ళిపోయింది.