ఇద్దరు ఖిన్ లే యిలు

ఓట్ల రోజున ఒకామెను ఓటు వేయనివ్వకుండా తిప్పి పంపేశానన్న మాట ఎయింద్రా ఇంతవరకు ఎవరి దగ్గరా పైకి అనలేదు.

కావాలని చేసింది కాదు. ఎయింద్రా బడిపంతులమ్మ, ఓట్ల డ్యూటీ పంతుళ్ల మీదే పడుతుంది. బర్మాలో ఇంటిపేర్లు ఉండవు. ఒకే వీధిలో ఒకే పేరు ఇద్దరికీ ముగ్గురికీ ఉంటుంది కాబట్టి, జాబితాలో పేరు పక్కన, మర్యాదకు ముందు 'ఊ' చేర్చి రాసే తండ్రి పేరూ చూడాలి. మధ్యాహ్నం రద్దీలో ఆమె చూడలేదు. "ఖిన్ లే యి ఓటు పొద్దున్నే పడిపోయిందమ్మా" అంది. అదే వీధిలో టైలరు షాపు పెట్టుకుని బతికే ఆ ఖిన్ లే యి "అలాగా, టీచరమ్మా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం జాబితా మడుస్తుంటే కింది వరుసలో కనబడింది: ఖిన్ లే యి, ఊ చిట్ స్వే కూతురు. అప్పటికే పెట్టెలకు సీలు పడింది.

ఫిబ్రవరిలో సైన్యం ఆ ఎన్నికలే దొంగవంటూ గెలిచినవాళ్లను లోపలేసి దేశాన్ని చేతిలోకి తీసుకుంది. మర్నాటి నుంచి యాంగోన్ నగరమంతా, ఇంట్లోంచి దయ్యాన్ని తరిమినట్టు, రాత్రి ఎనిమిదింటికి గిన్నెలు వాయించడం మొదలెట్టింది. వీళ్ల వీధిలో మాత్రం గిన్నెలు మోగినప్పుడు, ఆ చప్పుడే మాటలై, కొడుతున్నవాళ్ల పేరు తండ్రి పేరుతో సహా పలికింది.

"ఓన్ మే పిన్నీ, నీ గిన్నెకి నత్తేంటి?" అంది ఎదురింటావిడ.

"సొట్టపడిందే. సగం పేరు మింగేస్తోంది. మీ ఆయన గిన్నె మా ఇంటిదాకా అరుస్తోంది, దాన్ని కాస్త మందలించు!"

వీధి చివర సిపాయిలు నిలబడి ఆ పేర్లు రాసుకోసాగారు. మర్నాడు గిన్నెలు ఇంకా గట్టిగా మోగాయి. ఎయింద్రా కూడా వాయించేది. టైలరు షాపు వైపు నుంచి "ఊ చిట్ స్వే కూతురు" అని వినబడగానే మాత్రం చెయ్యి ఆగిపోయేది.

నెలాఖరున వార్డు పెద్ద సో లిన్ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఓట్ల జాబితాలో ఖిన్ లే యి అన్న పేరు రెండుసార్లుంది. ఒకటి దొంగ పేరని రాసి సంతకం పెట్టమ్మా. రేపు ఎప్పట్లా బడికెళ్లొచ్చు."

"పెట్టకపోతే, బాబాయ్?"

"బయట సైన్యం లారీ ఉంది. అందులో ఉన్నవాళ్లు నా మాట వినరు."

ఎయింద్రా కలం తీసుకుంది. ఒక్క సంతకంతో తన తప్పు కూడా మాసిపోతుంది. లేని మనిషికి అన్యాయం చేశావని ఎవరంటారు?

ఎనిమిదైంది. వీధి వీధంతా లేచింది. మలుపు దగ్గర నుంచి "ఖిన్ లే యి, ఊ టున్ మ్యా కూతురు" అని మోగింది. ఆ వెంటనే టైలరు షాపు నుంచి "ఖిన్ లే యి, ఊ చిట్ స్వే కూతురు!"

సో లిన్ కళ్లు దించుకున్నాడు. "రెండోది గట్టిగానే కొడుతోంది" అన్నాడు.

ఎయింద్రా రాసింది. ఇద్దరూ ఉన్నారు. ఒకామెకు ఓటు దక్కలేదు, ఆ తప్పు నాది. కింద తన పేరూ, తండ్రి పేరూ.

"ఇది రాయమన్నానా నిన్ను?"

"ఇదే జరిగింది, బాబాయ్."

అతను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున తొమ్మిదికి ఇస్తాను వాళ్లకి. అంతకుమించి ఆపలేను. ఆలోగా ఎటైనా వెళ్లు." లారీ దగ్గరికెళ్లి టీచరు ఇంట్లో లేదని చెప్పి దాన్ని పంపేశాడు.

తొమ్మిదిలోగా ఊరు దాటాలి. కానీ దాటేముందు, ఓటు పోయింది తన తప్పువల్లేనన్న మాట ఆ రెండో ఖిన్ లే యికి తనే చెప్పాలి. టైలరు షాపు బోర్డు మీది నంబరు ఎయింద్రాకు ఓట్లు జరిగిన నవంబరు నుంచీ కంఠతా వచ్చు. వీధి చివర సిపాయిలుండగా నడిచి వెళ్లడానికి లేదు, ఫోను చేతిలోకి తీసుకుంది. షాపు వైపు ఆమె గిన్నె ఇంకా మోగుతూనే ఉంది. ఈ చప్పుడులో ఫోను వినబడదు. అది ఆగగానే చేద్దామని గుమ్మం చాటున నిలబడింది.