ఎడమ పక్క సీసా

కప్పల మేడం ల్యాబులో ఉల్లిపాయ పట్టుకుని నవ్వుతూ ఏడ్చిందన్న కబురు సాయంత్రానికల్లా కాలేజీ అంతా పాకిపోయింది. ఉల్లిపాయ పట్టుకుంటే ఎవరికైనా కళ్ళనీళ్ళు వస్తాయి, అందులో వింతేముందని కొట్టిపారేసిన వాళ్ళూ లేకపోలేదు. కానీ అసలు సంగతి వేరు.

జంతుశాస్త్రం చెప్పే ఆవిణ్ణి పిల్లలు కప్పల మేడం అనేవారు. వృక్షశాస్త్రం చెప్పే పెద్దాయన ఆకుల మాస్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే ల్యాబు, ఒకటే పొడవాటి బల్ల, దాని మీద ఒకటే ట్రే. ట్రేలో రెండు సీసాలు, రెండింట్లోనూ ఉప్పునీళ్ళే. ఎడమ పక్క సీసాలో ఉప్పు తక్కువ, మన రక్తానికి సరిపోయేటంత. అది మేడంది. కుడి పక్క సీసాలో నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. అది మాస్టారిది. వాటి మీద చీటీలు అంటించండి మహాప్రభో అని ప్రిన్సిపాల్ చెప్పి చెప్పి ఊరుకున్నాడు. "ఇన్నేళ్ళు కాపురం చేశాక పెళ్ళాం మెడలో పేరు రాసి తగిలిస్తామా ఏంటి?" అనేవాడు మాస్టారు. ఆ ఒక్క విషయంలో మేడం కూడా ఆయన పక్షమే.

ఆ మర్నాడు మేడంకి ఆసుపత్రిలో పరీక్షలున్నాయి. ఆవిడ తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఇంటిల్లిపాదిలో వాడికి సరిపడే రక్తం ఈవిడ ఒక్కదానిదే. పరీక్షలన్నీ బాగుంటే తన కిడ్నీ ఒకటి వాడికి ఇస్తానంది. అందరి ముందూ ధైర్యంగా అనేసింది గానీ, ఆ రోజు నుంచీ గుండె పీచుపీచుమంటూనే ఉంది. ఏదో ఒక పరీక్షలో తేడా వచ్చి డాక్టర్లే వద్దంటే బాగుండు అన్న ఊహ కూడా ఒకటి రెండు సార్లు తొంగిచూసింది. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకుంది.

ఆ పూట పాఠం రక్తకణాలు. ఎప్పట్లాగే మేడం తన వేలే పొడుచుకుని, చుక్కని ఎడమ పక్క సీసాలోని నీళ్ళతో కలిపి, స్లైడు చేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ముందుగా చూసిన అమ్మాయి తల ఎత్తి, "ఇవేంటి మేడం? పుస్తకంలో గుండ్రంగా ఉన్నాయి. ఇవి పల్లేరుకాయల్లా ఉన్నాయే!" అంది.

మేడం వంగి చూసింది. కణాలన్నీ ముడుచుకుపోయి, ఒంటి నిండా ముళ్ళు లేచి ఉన్నాయి. సరిగ్గా ఇలాంటివే ఆవిడ ఇదివరకు ఆసుపత్రి ల్యాబులో బతిమాలుకుని చూసింది, తమ్ముడి రక్తంలో. కిడ్నీలు చెడితే కొందరి రక్తం ఇలా మారుతుందని అక్కడి డాక్టరు చెప్పాడు కూడా.

చదువుకున్న వాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఏమీ తెలియని మనిషైతే స్లైడు సరిగ్గా కుదరలేదనుకుని కడిగి పారేసేవాడు. ఈవిడ ఇంకో వేలు పొడుచుకుంది. అదే సీసా, అవే ముళ్ళు. చూసినదాని బొమ్మ గీయమని పిల్లలకు చెప్పి, పోయి మూలనున్న కుర్చీలో కూలబడింది. డాక్టర్లు వద్దంటే బాగుండు అనుకున్న మనిషి ఇప్పుడు ఎక్కడా లేదు. నావీ చెడిపోతే వాడికి ఇంకెవరిస్తారు? ఆ ఒక్క మాటే బుర్రలో గిర్రున తిరుగుతోంది.

తర్వాతి గంట ఆకుల మాస్టారిది. పిల్లలు మారారు, మేడం మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆ గంట కూడా అయ్యి పిల్లలు వెళ్ళిపోయాక మాస్టారు విసుక్కుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"చూశావా తల్లీ, ఈ ఉల్లిపాయలు నా మీద పగబట్టాయి. ఉప్పునీళ్ళు పోస్తే కణంలో నీరంతా బయటికి పోయి, లోపలి ముద్ద ముడుచుకోవాలా? ఎంత పోసినా ఒక్కటి ముడుచుకుంటే ఒట్టు! పిల్లలు కిసుక్కున నవ్వారు."

మేడం దిగ్గున లేచింది. "ముడుచుకోలేదా? మాస్టారూ, పొద్దున సీసాలు నింపిందెవరు?"

"నేనే. కిటికీ దగ్గర గాలి బాగుందని బల్లకి అటు పక్క నిలబడి..." అంటూనే ఆయన ఆగిపోయాడు. తన రెండు చేతుల వంకా ఒకసారి చూసుకున్నాడు. "అటు నుంచి కుడి అంటే, ఇటు నుంచి... అయ్యో, నా మతి మండ!"

ఉల్లిపాయల్ని ముడవాల్సిన ఉప్పునీళ్ళు మేడం రక్తం మీద పడ్డాయి. కణాల్లో నీరు బయటికి లాగేస్తే అవి ముడుచుకుని ముళ్ళు లేవక ఏం చేస్తాయి? మేడం మూడో వేలు పొడుచుకుని ఈసారి కుడి పక్క సీసా అందుకుంది. మాస్టారు ఎడమ పక్కది లాక్కున్నాడు. ఇద్దరూ చెరో మైక్రోస్కోపు మీద వాలిపోయారు.

"ముడుచుకున్నాయి!" అని అరిచాడు మాస్టారు.

"గుండ్రంగా ఉన్నాయి!" అంది మేడం. నడిమధ్య వేలితో నొక్కిన పిండిబిళ్ళల్లా, నున్నగా, ముచ్చటగా ఉన్నాయి. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. చేతికందిన ఉల్లిపాయని పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. సరిగ్గా అప్పుడే ఎవరో తలుపులోంచి చూసి వెళ్ళారు.

కణాలు గుండ్రంగా కనబడినంత మాత్రాన కిడ్నీలు భేషుగ్గా ఉన్నట్టు కాదని ఆవిడకు తెలుసు. ఆ మాట రేపు డాక్టర్లు చెప్పాలి. అయినా ఇంటిదాకా ఆగలేక వరండాలో నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏంటక్కా, మనసు మార్చుకున్నావా?" అన్నాడు వాడు నవ్వుతూ. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు ఆ మాటే అంటాడు. తప్పుకోవాలనుకుంటే తప్పుకోమని తలుపు తీసి పెట్టడం వాడి అలవాటు. నోర్ముయ్యమనడం ఈవిడ అలవాటు.

"మార్చుకున్నానురా."

వాడి నవ్వు ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ అక్కని కదా, ఇవ్వాలి కదా అని ఇస్తానన్నాను. లోపల భయంగానే ఉండేది. ఇవాళ నీకు ఇవ్వలేనేమో అనుకుని ఒక పూటంతా చచ్చి బతికానురా. రేపు వాళ్ళు ఒప్పుకోకపోతే మాత్రం ఊరుకోను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"అయితే పెందరాళే వచ్చెయ్ అక్కా," అన్నాడు. "నేను ముందే వెళ్ళి వరసలో నీకు చోటు పట్టి ఉంచుతా."