నకళ్ల సర్వరు ఆపిన పూట

ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. "ఏమోయ్, నా బీపీ మాత్రలెక్కడ?" అని ముందు గదిలోంచి ఆయన. "అమ్మా, స్కూటరు తాళాలు?" అని మేడ మీద నుంచి అబ్బాయి. తలెత్తకుండానే ఇద్దరికీ చెప్పాను. ఈ ఇంట్లో ఎవరి వస్తువులు వాళ్లవే, అవి ఎక్కడున్నాయన్నది మాత్రం నా బుర్రలో ఉండాలి. దేవుడి ముందు కూర్చున్నా అంతే, ప్రార్థన సగంలో ఎవరిదో తువ్వాలు గుర్తొస్తుంది. నాకు భక్తి తక్కువో, పని ఎక్కువో ఆ స్వామికే తెలియాలి.

ఈమధ్య ప్రార్థన పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషను చేయించుకోమని డాక్టరమ్మ చెప్పింది. "నువ్వు మంచమెక్కితే ఇల్లు ఆగిపోదూ? తర్వాత చూద్దాంలే" అన్నారాయన. ఆ మాటలో ప్రేమే ఉంది. ఆ ప్రేమ నా కంటి దాకా ఎందుకు రాదో అడగలేకపోయాను.

కోడలు భోజనాల బల్ల దగ్గర కంప్యూటరు పెట్టుకుంది. మందుల షాపుల కంపెనీలో ఉద్యోగం తనది. ఒక్కో షాపు అమ్మకాలు ఒక్కో డేటాబేసులో ఉంటాయట. వాటన్నిటి నకళ్లూ ఎప్పటికప్పుడు వచ్చి చేరే సర్వరు మాత్రం ఒక్కటే. ఇవాళ దానికి మరమ్మతు. "ఆపేయండి, పర్లేదు" అని ఫోనులో చెప్పింది.

"అది ఆపితే షాపులన్నీ ఆగిపోవూ?"

"ఎందుకాగుతాయత్తయ్యా? ఎవరి అమ్మకాలు వాళ్లు రాసుకుంటూనే ఉంటారు. ఇది లేచాక, ఒక్కో షాపు దగ్గర ఎక్కడ వదిలిందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. ఈలోగా రాసింది చెరపొద్దని వాళ్లకి ముందే చెప్తాం."

"మరమ్మతు చేయకపోతే?"

"ఏదో ఓ రోజు చెప్పకుండా ఆగిపోతుంది."

చేతిలో చొక్కా అలాగే వదిలేసి ముందు గదిలోకి వెళ్లాను.

"రేపు వెళ్లి ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకొస్తాను. నేను కోలుకునేదాకా మీ మాత్రలు మీరే చూసుకోవాలి. ఇంట్లో ఏమేం జరిగిందో గుర్తుపెట్టుకోండి, లేచాక చెబుదురుగాని."

"అవన్నీ నాకెక్కడ గుర్తుంటాయే?"

"నాకుంటున్నాయిగా."

ఆయన పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. కాసేపు నా కళ్లకేసి చూశారు.

"ఆస్పత్రికి నీకు తినడానికి ఏం తీసుకురాను? నీకేదిష్టం?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఇంట్లో అందరి ఇష్టాలూ నాకు నాలుక చివరే ఉంటాయి. నాదొక్కటే వెతుక్కోవలసి వచ్చింది. ఆయన తొందరపెట్టలేదు.