కరక్కాయ గుడ్డ చాటున

పెడన స్టేషన్లో గుడివాడ బండి ఎక్కేటప్పటికి వీరాంజనేయులుకి ఇరవై నాలుగేళ్ళ వయసు, పెళ్ళాం, రెండు నెలల కూతురు, బోలెడంత పరువు ఉన్నాయి. గుడివాడలో దిగేసరికి మొదటి మూడే మిగిలాయి.

నందివాడలో ఉన్న అక్కగారికి పిల్లని చూపించడానికి బయల్దేరారు. బండి తప్పిపోతుందని అతను పెట్టిన తొందరకి సరోజ పిల్లకి పాలివ్వకుండానే ఇల్లు కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలో కూచుని ఇస్తానులెండి అందామె. ఒక్కదానివీ చంటిపిల్లతో ఎలా వెళ్తావని అతను ఒప్పుకోలేదు. మరి మగాళ్ళ మధ్యలో ఎలాగంటే, దానికీ ఒక ఉపాయం ఆలోచించానన్నాడు. అతనికి ఉపాయాలు తరచూ వచ్చేవి. వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు కంగారుపడేవాళ్ళు.

అతనిది అద్దకం పని. గుడ్డ మీద అచ్చు వేసే ముందు దాన్ని కరక్కాయ కషాయంలో, గేదెపాలలో ముంచి ఎండలో ఆరేస్తారు. అలా ఆరిన దుప్పటొకటి షెడ్డులోంచి తీసి చంకలో పెట్టుకొచ్చాడు. దళసరిది, ఇంకా అచ్చు పడనిది, సాదాగా ఉంది కాబట్టి ఎవరి కన్నూ దాని మీద పడదని అతని లెక్క. పులిసిన పాలకంపు కొడుతోందని సరోజ దారిలోనే అంది. చిన్నప్పట్నుంచీ ఆ కంపులోనే పెరిగిన ముక్కు కదా, అతనికేమీ తెలియలేదు. నీది మరీ నాజూకు ముక్కని నవ్వాడు కూడా.

వడ్లమన్నాడు స్టేషను దాటగానే పిల్ల ఏడుపందుకుంది. సరోజ కిటికీ వైపు కాస్త ఒరిగి పైట సర్దుకోబోయింది. అంతలో వీరాంజనేయులు లేచి నిలబడి, దుప్పటి రెండు కొసలూ రెండు చేతులతో ఎత్తి, తల్లినీ పిల్లనీ కప్పేసి పట్టుకున్నాడు.

అంతవరకూ పెట్టెలో ఎవరి గోల వాళ్ళది. ఎదురు బల్ల మీద, గిలకలదిండి నుంచి ఎండుచేపల గంపతో వస్తున్న సుబ్బులమ్మ కునికిపాట్లు పడుతోంది. పక్కన ఇద్దరు రైతులు అమోనియా ఎరువు గురించి వాదించుకుంటున్నారు. దుప్పటి లేవగానే రైతులు మాట ఆపేశారు. సుబ్బులమ్మకి మెలకువొచ్చింది. అవతలి బల్లల వాళ్ళు మెడలు చాచారు. లోపల పురుడొస్తోందా అని ఒకాయన అడిగాడు. ఎవరివో పాలు విరిగాయని ఇంకొకాయన అన్నాడు. ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న మనిషే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

లోపల పిల్ల పాలు తాగడం లేదు. రొమ్ము నోటికందిస్తే ఉమ్మేస్తోంది. కవుతరం వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఎండ ముదిరింది. నాలుక ఎండిపోతోందండీ అని దుప్పటి లోపల్నుంచి సరోజ అంది, ఏడుపు గొంతుతో. వీరాంజనేయులు ఎవరిదో దిష్టి తగిలిందనుకుని దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాగాడు.

"బాబూ, నువ్వా తెర ఎత్తేదాకా నీ పెళ్ళాన్ని ఎవరూ చూళ్ళేదు," అంది సుబ్బులమ్మ. "ఇప్పుడు ఇంజను తోలేవాడికి కూడా తెలిసిపోయుంటది."

ఇది పరువుగల కుటుంబమని అతను ఆమెకి వివరించబోతుంటే, సరోజ దుప్పటి కిందికి లాగి తల బయటపెట్టింది. జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయింది. దుప్పటి అంచు ఒకచోట తడిసి ఉంది. దాన్ని నాలుకకి తాకించుకుని మొహం చిట్లించింది.

"ఇది కరక్కాయ గుడ్డాండీ?"

అతను తలూపాడు.

"పిల్ల దీన్నే చీకింది. నోరంతా వగరు. ఇంక పాలెలా తాగుద్ది?"

ఊళ్ళో పిల్లలకి పాలు మాన్పించాలంటే తల్లులు రొమ్ముకి వేపాకు ముద్ద పూస్తారు, అదీ రెండేళ్ళు నిండాక. వీరాంజనేయులు ఆ పని రెండు నెలలకే, రైలుబండిలో, పదిమంది ఎదుట, చేతులు నెప్పి పుట్టేదాకా నిలబడి మరీ చేశాడు.

సుబ్బులమ్మ నీళ్ళ మరచెంబు అందించింది. సరోజ పైట కొస తడిపి పిల్ల నోరు తుడిచింది, తనూ తుడుచుకుంది. దుప్పటి ఉండచుట్టి మొగుడి చేతిలో పెట్టింది.

"కూచోండి. పిల్లకి గాలి రానీండి."

ఎవరికీ వీపు తిప్పలేదు. బల్లకి చేరగిలబడి, కాలు ట్రంకు పెట్టె మీద ఆన్చి, పైట చాటున పిల్లని పట్టుకుంది. పిల్ల ఒకసారి మొహం తిప్పుకుంది. రెండోసారి పట్టి వదిలేసింది. మూడోసారి పట్టింది. గుటక చప్పుడు బండి చప్పుడులోనూ వినిపించింది.

రైతులు మళ్ళీ అమోనియాలోకి వెళ్ళిపోయారు. సుబ్బులమ్మ కళ్ళు మూసుకుంది. గుడ్లవల్లేరు పోయింది, నూజెళ్ళ వచ్చింది, పిల్ల తాగుతూనే ఉంది. సరోజ నిమ్మళంగా కిటికీలోంచి పొలాలు చూస్తోంది. ఆమె వంక చూసేవాళ్ళెవరూ లేరు. పెట్టె మొత్తానికి కళ్ళప్పగించి చూస్తున్నది ఒక్క వీరాంజనేయులే.

సుబ్బులమ్మ సగం కన్ను తెరిచి, కాస్త అటు తిరిగి కూచోమంది. అతను తిరిగి కూచున్నాడు.