నిలబడి వండే గట్టు

తెల్లారంగనే గుర్వమ్మ ఇంట్లో పనులన్నీ ఒక వరుసలో నడిచేవి. దొడ్లో గొర్లు అరిచేవి, కొడుకు ఐలేశం తడక తీసేవాడు, కోడలు యాదలక్ష్మి వాకిలి ఊడ్చి సాన్పి చల్లి, పొయ్యి ముందర గొంతుక్కూర్చొని జొన్నరొట్టెలు చేసేది. కేతేపల్లికి కొంచెం ఇవతల ఉన్న ఆ ఊళ్లో అప్పట్లో ఎవరింట్లోనైనా వంటంటే నేల మీదే. పొయ్యి నేల మీద, రోలు నేల మీద, కత్తిపీట నేల మీద. ఆడవాళ్లు నిలబడి చేసే పని ఏమన్నా ఉందంటే బావిలో నీళ్లు చేదడమే.

ఆ ఏడు వానకాలం యాదలక్ష్మి గడ్డిమోపుతో బావిమెట్ల మీద జారింది. నల్లగొండ దవాఖానలో ఎముక అయితే అతికింది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. నడుస్తుంది, నీళ్లు తెస్తుంది, గొర్రెపిల్లను చంకనేసుకుని ఊరంతా తిరుగుతుంది. కూర్చోవడం ఒక్కటి రాదు. కూర్చోలేని మనిషికి నేల మీది పొయ్యి ఎట్లా అందుతుంది చెప్పండి.

దాంతో గరిటె గుర్వమ్మ చేతికొచ్చింది. ఆమె కళ్లకేమో పొరలు కమ్మినయి. ఒకనాడు కూరలో ఉప్పు రెండుసార్లు పడేది, ఒకనాడు అసలే పడేది కాదు. ఐలేశం ఏది పెడితే అది తిని గొంగడి భుజాన వేసుకుని పోయేవాడు. అతని మేనత్త నర్సింగమ్మకు మాత్రం ముద్ద దిగలేదు.

"ఎన్నాళ్లు వదినె గిట్ల? ఎండలు ముదిరితే వీడు గొర్లను మేతకు తోలుకొని కిష్ట ఏటి దిక్కు పోతడు. నీకు కండ్లు లేవు, దానికి కాలు లేదు. ఇంట్ల బువ్వెవలు వండాలె? మోత్కూర్ల మా తోటికోడలు తమ్ముడు సోమన్నకు పెండ్లీడు బిడ్డ ఉన్నది. రెండోదానిగ చేసుకుంటే ఏమైతది?"

తలుపు అవతల యాదలక్ష్మి ఉన్నది. విన్నది. గొర్లను తోలుకపోతున్న మొగుణ్ని దారిలో ఆపింది.

"నిలబడి వండేటట్టు నాకొక గట్టు కట్టియ్యి. అప్పుడు గూడ వండకపోతే మోత్కూర్ పిల్లను నేనే పోయి తోలుకొస్త."

ఐలేశం మాటకారి కాదు. "సరే తియ్యి," అన్నాడు.

గుర్వమ్మ కూడా సరేనన్నది, కానీ గడువు పెట్టింది. గొర్లు ఊరు దాటేలోపల పొయ్యి మీద కూర ఉడకాలె, లేకుంటే సోమన్నకు మాట ఇచ్చేస్తానన్నది.

ఇటికలు పేర్చి మట్టితో గట్టు లేపడం పెద్ద పనేం కాదు. దాని మీద ఏం పరవాలన్నదే అసలు తిప్పలు. సూర్యాపేటలో కొత్త ఇండ్లకు షాబాదు బండ వేస్తున్నారని విని ఐలేశం ఒక ముక్క తెచ్చాడు. నున్నగా, మబ్బురంగులో, చూడ చక్కగా ఉంది. యాదలక్ష్మి దాని మీద ఇంత చింతపులుసు పోసి వదిలేసింది. పొద్దూకేసరికి మజ్జిగ ఒలికినట్టు తెల్లటి మరక. తోమినా పోలేదు.

"పులుసుకే ఓర్వనిది మనింట్ల ఏం కాపురం చేస్తది?" అని గుర్వమ్మ దాన్ని కోళ్లగూటికి అడ్డం పెట్టింది.

సిమెంటు సంగతి చూద్దామని యాదలక్ష్మి పటేలింటికి పోయింది. అక్కడి సిమెంటు గట్టు మీద అరచెయ్యి రుద్దితే ఇసుక రాలింది. రొట్టె చేస్తే పండ్ల కింద కరకరే. ఇగ మంచం విప్పి టేకు పలక వేస్తానని ఐలేశం అన్నాడు.

"పొయ్యి కింద కట్టె పెడ్తవా, పొయ్యిలనే పెడ్తవా? ఏదో ఒక్కటి చెప్పు," అన్నది తల్లి.

చివరికి మిగిలింది ఊరెనక గుట్ట. గుట్టరాయి గట్టిది, పొయ్యి సెగకు ఓరుస్తుంది, పులుసుకు మరకపడదు. మరి ముందే ఎందుకు తేలేదంటే, ఆ రాళ్లకు ఇష్టాయిష్టాలు ఎక్కువ. ఇల్లు నచ్చకపోతే లేచి గుట్టకు నడిచిపోతాయి. పటేలింటి గడపరాయి అట్లాగే పోయింది, కాళ్లు దాని మీదే కడుగుతున్నారని. గుట్టదారిలో రాళ్లు ఎదురైతే బండ్లవాళ్లు ఎడ్లను పక్కకు తప్పించేవాళ్లు, అవి పోయినాక మళ్లీ తోలుకునేవాళ్లు.

రాయి కొట్టే ఎల్లస్వామిని వెంటబెట్టుకుని యాదలక్ష్మే గుట్టెక్కింది. రాళ్ల మీద చెయ్యి వేసుకుంటూ నడిచి నల్లటి రాయి ఒకదాని దగ్గర ఆగింది. ఎల్లస్వామి సుత్తితో తట్టి చూసి, అది రావడానికి ఒప్పుకుందని చెప్పాడు. పలక చీల్చి, నున్నగా చెక్కి, బండిమీద ఇంటికి తెచ్చారు. మోకులు కట్టి మోసుకొస్తే వాకిలి దాకా తేలిగ్గానే వచ్చింది. గడప దగ్గరికి రాంగనే బిగుసుకుంది. ముందు పట్టిన ఐలేశం మెడనరాలు తేలినయి.

"ఉత్తగ రాదవ్వా," అన్నాడు ఎల్లస్వామి. "ఇంటికి కొత్త మనిషొస్తే ఎట్ల పిలుస్తరో గట్ల పిలువు."

కొత్త మనిషిని లోపలికి పిలవడం గుర్వమ్మకు తెలిసింది ఒక్కటే తీరు. రాయికి పసుపు పూసి బొట్టు పెట్టింది, గడప మీద బియ్యం గిద్దె పెట్టింది, పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి హారతి తిప్పింది. చూడవచ్చిన నర్సింగమ్మ వాకిట్లోనే ఉంది. ఎన్ని పెండ్లిళ్లలో కొత్తజంటకు అడ్డం నిలబడ్డదో ఏమో, హారతి కనపడంగనే ఆమె చేతులు వాటంతట అవే దర్వాజా రెండు పక్కలకు ఆనినయి.

"పేరు చెప్పి లోపలికి రా," అన్నది.

"అత్తా, బరువున్నది, జరుగు."

"పేరు చెప్పందే ఎట్ల వస్తవ్ రా?"

"నల్లమ్మతోని వచ్చిన," అన్నాడు ఐలేశం, చేతులు తెగిపోతుంటే.

నర్సింగమ్మ జరిగింది. రాయి అంచు తగిలి గిద్దె పక్కకు ఒరిగింది, బియ్యం లోపలికి ఒలికినయి. రాయి గొంగడంత తేలికై గట్టు మీద కూర్చుంది.

గొర్లు కదిలే ముందర, నర్సింగమ్మ కబురు పెడితే సోమన్న మోత్కూర్ నుంచి వచ్చాడు. యాదలక్ష్మి నడుమెత్తు గట్టు దగ్గర నిలబడి వండిన రొట్టె, తలకాయకూర పెట్టింది. మారు వడ్డిస్తూ అత్త మొహం దిక్కే చూసింది. గడువులోపలే వండింది నిజమే, అయినా ఇంటిదాకా వచ్చిన మనిషిని అత్త ఉత్తచేతులతో పంపుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. సోమన్న చెయ్యి కడుక్కొని గట్టును మెచ్చుకున్నాడు. గుర్వమ్మకు సంబురమైంది. బొట్టు, హారతి, గిద్దె, పేరు, ఏదీ వదలకుండా చెప్పింది.

సోమన్న తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"రెండోదానిగ ఇస్తనంటిని. మూడోదానిగ నా బిడ్డను ఇయ్య."

"అది రాయి, సోమన్న," అన్నది నర్సింగమ్మ.

"రాయైతే నువ్వు పేరెందుకడిగినవు?"

నర్సింగమ్మ కొంగు సర్దుకుంది. గుర్వమ్మ పోయి బండ మీద చెయ్యి పెట్టి, "మల్ల గుట్టకు పోతవా బిడ్డా?" అని అడిగింది. బండ కదలలేదు. ఇష్టం లేక పోయే రాళ్లను ఊరంతా చూసింది గానీ, పొమ్మంటే పోయిన రాయిని ఎవరూ చూడలేదు. సోమన్న చెప్పులు తొడుక్కున్నాడు.

ఐలేశం మందను తోలుకుని కిష్ట దిక్కు పోయిన నాడు గుర్వమ్మ గింజలు పోసే గరిసె తాళంచెవి తెచ్చి యాదలక్ష్మి నడుముకు చెక్కింది. ఇంటికి ఇద్దరు కోడండ్లు ఉన్నప్పుడు తాళంచెవి పెద్దకోడలి దగ్గరే ఉండాలె, ఆ ఊరి పద్ధతి అది.

"పెద్దకోడలా, పొద్దుమీకి ఏం వండుతవ్?" అని అడిగింది. పెండ్లైన నాటి నుంచి ఆమె అట్లా అడగడం అదే మొదలు.

"చూస్త అత్తా, నువ్వు కూసో."

యాదలక్ష్మి పిండి చాట తెచ్చింది. గోడకూ బండ అంచుకూ నడుమ వంగని కాలు తిప్పడానికి జాగా ఇరుకైంది.

"చెల్లె, జర జరుగు," అన్నది.

నల్లమ్మ జరిగింది.